డిగ్రీలు రాశారు, గాలి సంగతి రాయలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం వంటల పేజీలో ఎయిర్ ఫ్రయ్యర్‌లో, అంటే వేడి గాలితో కాల్చే మిషన్‌లో, చుక్క నూనె లేకుండా సకినాలు ఎలా చేయాలో వేశారు. 180 డిగ్రీలు, 15 నిమిషాలు, అంతే. పక్కన ఫోటో కూడా బంగారు రంగులో మెరిసిపోతోంది. సంక్రాంతికి వచ్చిన మా బిడ్డ హైదరాబాద్ నుంచి ఎయిర్ ఫ్రయ్యర్ తెచ్చి ఇచ్చిపోయింది, అది అలమారలో ఊరికే కూర్చుంది కదా అని మా ఇంటామె మీ పేజీ ముందు పెట్టుకుని మొదలుపెట్టింది. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు అన్నీ ఎప్పటి కొలతే. గుడ్డ మీద చుట్టింది, తడి కాస్త ఆరనిచ్చింది, ఒకదాని మీద ఒకటి బుట్టలో పేర్చి మీరు చెప్పినట్టే పెట్టింది. పదిహేను నిమిషాలకు బుట్ట లాగి చూస్తే పైవాటి అంచులు మాడాయి, నడుమ తెల్లగానే ఉన్నాయి, అడుగున ఉన్నవి పచ్చిపిండి. సరే అని ఇంకో పది నిమిషాలు పెట్టింది. ఈసారి బాగా ఎండాయి, ఎంతగా అంటే ఒకటి విరవడానికి రెండు చేతులు కావాల్సి వచ్చింది. మా అమ్మ ఒకటి తీసుకుని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి, "గాలికి కాలుతదా కొడుకా సకినం?" అంది.

కాలుతది, కాలదు, రెండూ నిజమే. అది చెప్పడానికే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతే కత్తిరించుకోండి కానీ లెక్కలున్న చోట మాత్రం కత్తెర పెట్టకండి.

నాకు నల్లగొండలో చిన్న బేకరీ ఉంది. చదివింది పాలిటెక్నిక్‌లో మెకానికల్, చేసేది కర్రీ పఫ్‌లు. ఇరవై ఏళ్లుగా ఓవెన్ ముందు నిలబడుతున్నాను కాబట్టి వేడి గాలి సంగతి పుస్తకంలో చదివిన దానికంటే చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే ఎక్కువ. మీ పేజీలో, మీ ఒక్కరి పేజీలోనే కాదు లెండి, యూట్యూబ్‌లో వంటలు చెప్పే వాళ్లందరి దగ్గరా నేను చూస్తున్న లోపం ఒకటే. అందరూ గాలి ఎంత వేడిగా ఉందో చెబుతారు. ఆ గాలి వస్తువుకు ఎలా తగులుతోందో ఒక్కరూ చెప్పరు. వంట అయ్యేది కాకపోయేది సగం అక్కడే ఉంటుంది.

మన జిల్లా వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు నిజానికి. మే నెలలో 44 డిగ్రీల మధ్యాహ్నం చెట్టు కింద గాలి ఆడకుండా ఉన్నప్పుడు ఉక్కపోస్తుంది, తిట్టుకుంటాం, అయినా తట్టుకుంటాం. అదే 44 డిగ్రీల్లో బండి మీద నకిరేకల్ దాకా పోయి రండి, ముఖం మీద పెనం పెట్టినట్టు ఉంటుంది. థర్మామీటరు రెండు చోట్లా ఒకటే అంకె చూపిస్తుంది. తేడా ఎక్కడంటే, కదలని గాలిలో మన చర్మానికి అతుక్కుని కొన్ని మిల్లీమీటర్ల మందంలో ఒక గాలి పొర ఉంటుంది, అది కాస్త చల్లగా ఉండి దుప్పటిలా మనల్ని కాపాడుతుంది. గాలి వేడిని మోయడంలో మహా సోమరి, నీళ్లు మోసేదాంట్లో ఇరవయ్యో వంతు కూడా మోయదు. వడగాలి వచ్చి ఆ పొరను చెరిపేసి కొత్త వేడి గాలిని నేరుగా చర్మానికి తగిలిస్తుంది. గాలి మన ఒంటి కంటే వేడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ పెట్టుకున్నా జరిగేది ఇదే, చెమట ఆరుతున్నంతసేపే దాంతో మేలు. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. ఎండాకాలం పేజీలో ఆ ముక్క కూడా వేయండి, ముసలివాళ్లున్న ఇళ్లకు పనికొస్తుంది.

ఓవెన్‌లో పిండి ముద్దకు కూడా అదే దుప్పటి ఉంటుంది. దాన్ని ఎంత పలచన చేస్తే వేడి అంత తొందరగా లోపలికి దిగుతుంది. ఎంత తేడానో మీ పాఠకులకు బల్బుల లెక్కలో చెబుతాను. అరచేయంత, అంటే సుమారు 100 చదరపు సెంటీమీటర్ల ముఖం ఉన్న తడిపిండి బిళ్ల ఒకటి అనుకోండి. చుట్టూ గాలి 200 డిగ్రీలు, పిండి ముఖం 100 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. గోడల నుంచి, కాయిల్ నుంచి సెగలా తగిలే వేడిని పక్కన పెడితే, ఫ్యాన్ లేని ఓవెన్‌లో గాలి ఆ ముఖానికి ఇచ్చేది 8 వాట్లు ఉంటుంది, దేవుడి గదిలో పెట్టే చిన్న బల్బంత. ఫ్యాన్ తిరిగే ఓవెన్‌లో 30 వాట్లు. గాలిని సన్నటి రంధ్రాల గుండా ధారలుగా నిటారుగా కొట్టే ఓవెన్‌లో 120 వాట్లు, వెనకటి గుండు బల్బు కంటే ఎక్కువే. గాలి అదే 200, ఎక్కడా ఒక్క డిగ్రీ పెంచలేదు. ఒక గ్రాము నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2257 జౌళ్ల వేడి కావాలి (ఒక వాట్ అంటే సెకనుకు ఒక జౌల్), కాబట్టి మొదటి దాంట్లో ఒక గ్రాము తడి పోవడానికి దాదాపు ఐదు నిమిషాలు పడితే, రెండో దాంట్లో నిమిషం పావు, మూడో దాంట్లో ఇరవై సెకన్లు కూడా పట్టదు. ఇప్పుడు చెప్పండి, 180 డిగ్రీలు 15 నిమిషాలు అని రాస్తే ఏ ఓవెన్‌కు రాసినట్టు?

తడి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మనందరి ఇళ్లలో కిటికీకి కూలర్ ఉంటుంది. బయటి వేడిగాలి తడి గడ్డి గుండా వస్తే చల్లబడుతుంది, ఎందుకంటే దాని వేడినంతా నీళ్లు ఆవిరి కావడానికి వాడుకుంటాయి. ఓవెన్‌లో పెట్టిన పచ్చిపిండి మొదటి కొన్ని నిమిషాలు ఆ గడ్డి లాంటిదే. బయట 200 ఉన్నా 230 ఉన్నా దాని ముఖం తడిగా ఉన్నంతసేపు 100 దాటదు. తడి ఆరిపోయాకే ముఖం వేడి ఎక్కి, 140 దగ్గర నుంచి ఆ ఎర్రటి రంగు, కమ్మటి వాసన మొదలవుతాయి. అందుకే పిండి పలచగా కలిపితే ఎంతసేపు పెట్టినా రంగు రాదు. మా బేకరీలో కొత్తగా చేరిన పిల్లలు రంగు రాలేదని నాబ్ తిప్పి వేడి పెంచుతారు, నేను తిట్టి తగ్గిస్తాను, ఈ గొడవ రోజూ ఉండేదే.

ధారల ఓవెన్ అన్నాను కదా, దాని కథ చెప్పాలి. మూడేళ్ల కింద హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ బెల్ట్ ఓవెన్ కొన్నాను, పిజ్జా షాపుల్లో ఉండేది. ఇనుప జల్లెడ లాంటి బెల్ట్ ఒకవైపు నుంచి ఇంకోవైపుకు నెమ్మదిగా పోతుంటుంది, దానికి పైన కింద పెట్టెల్లాంటివి వరసగా ఉంటాయి, వాటి ముఖానికి రంధ్రాల రేకులు. ఫ్యాన్ ఆ పెట్టెల్లోకి వేడి గాలిని తోస్తే రంధ్రాల్లోంచి సెకనుకు 20 మీటర్ల చొప్పున, ఇంకా ఎక్కువతో కూడా, గాలి ధారలు పిజ్జాను పైనుంచి కిందినుంచి కొడతాయి. సెకనుకు 20 మీటర్లంటే గంటకు 72 కిలోమీటర్లు, మన నార్కట్‌పల్లి హైవే మీద బస్సు వేగం. 1970లలో అమెరికాలో ఈ పద్ధతి మీద పేటెంట్లు వచ్చాయి, తర్వాత పదేళ్లలో పిజ్జా గొలుసు దుకాణాలు దీన్ని ఎత్తుకున్నాయి, మామూలు ఓవెన్‌లో పావుగంట పట్టే పిజ్జా ఇందులో ఆరేడు నిమిషాల్లో బయటికి వచ్చేస్తుంది కాబట్టి.

మా దాంట్లో కూడా ఆరు నిమిషాల్లోనే వచ్చింది, పైన జున్ను నల్లబొగ్గై, కింద రొట్టె పచ్చిగా. రోజుకు నలభై పాడుచేసి పది అమ్ముకున్నాం. అమ్మినాయన మెకానిక్‌ను పంపించాడు. ఆ అబ్బాయి వచ్చి మీటరు చూపించి, "250 పెట్టిన్రు, 250 ఉంది, మిషన్ల ఏం తప్పు లేదన్నా, మీ పిండిలనే ఉంది" అని చెప్పి చాయ్ తాగి పోయాడు. రెండు వారాలు పిండి మార్చాం, ఈస్ట్ మార్చాం, జున్ను కంపెనీ మార్చాం. ఒక రాత్రి షాపు మూసేశాక విసుగొచ్చి, మిగిలిపోయిన బ్రెడ్ ముక్కలు పన్నెండు తీసుకుని బెల్ట్ మీద అడ్డంగా పరిచి లోపలికి పోనిచ్చి, బెల్ట్ ఆపేశాను. ఒక్క నిమిషం. వెనక్కి తిప్పి బయటికి తీసి కౌంటర్ మీద వరసగా పేర్చి చూస్తే మొత్తం బయటపడింది. పైవైపు ప్రతి ముక్క మీద రూపాయి బిళ్లంత గోధుమ రంగు మచ్చలు, జొన్నరొట్టె మీద కాలిన మచ్చల్లా, దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉన్నాయి. మచ్చకూ మచ్చకూ నడుమ బ్రెడ్ తెల్లగానే ఉంది. తిప్పి చూస్తే కిందివైపు అక్కడొకటి ఇక్కడొకటి, ఎడమచేతి వైపు నాలుగు ముక్కలకు అసలు మచ్చే లేదు. ప్రతి మచ్చ ఒక ధార వచ్చి కొట్టిన చోటు. పొద్దున రేకులు విప్పితే సంగతి తేలింది. ఎక్కువ రంధ్రాలున్న రేకులు కింద ఉండాల్సినవి పైన బిగించారు, ఎడమ మూల ఒక రేకుకు రంధ్రాలే లేవు, ఎవరో వాళ్ల అవసరానికి మూసేసింది. రేకులు మార్చి బిగించడానికి మాకు పట్టింది గంటన్నర. మీటరు అప్పుడూ 250, ఇప్పుడూ 250.

ఆ రేకులతో ఆడుకుంటూ ఇంకో రెండు విషయాలు తెలిశాయి. ధార బయటికి వచ్చాక కొంత దూరమే గట్టిగా ఉంటుంది, తర్వాత చుట్టూ ఉన్న గాలిని కలుపుకుని సోలిపోతుంది. రంధ్రం వెడల్పుకు ఆరు రెట్ల దూరం అటూ ఇటూలో వేడి బాగా దిగుతుందని పుస్తకాలు చెబుతాయి, సెంటీమీటరు రంధ్రానికి ఆరు సెంటీమీటర్లన్నమాట. మా దాంట్లో దిల్‌పసంద్‌కు, అంటే తీపి కొబ్బరి కూరిన రొట్టెకు, సరిగ్గా కుదిరింది. రెండోది కేకు. అర కిలో కేకు పిండిని ఆ ధారల కింద పెడితే చెరువు మీద గాలి తోలినట్టు పిండి ముఖం మీద అలలు పడి, అవి అలాగే గట్టిపడి, పైన పెచ్చు కట్టాక లోపలి పిండి పొంగి దాన్ని పగలగొట్టుకుని బయటికి వచ్చింది. అప్పటి నుంచి కేకులన్నీ పాత గాలి ఆడని ఓవెన్‌లోనే. మెల్లగా కాలాల్సినదాన్ని తొందరపెడితే అంతే.

ఇక ఇంటి ఎయిర్ ఫ్రయ్యర్. ఫిలిప్స్ కంపెనీ 2010లో ఆ పేరుతో బజారులోకి తెచ్చింది. పేరులో ఫ్రై ఉంది కానీ లోపల ఉన్నది చిన్న డబ్బాలో కాయిల్, దాని మీద ఫ్యాన్. మా బెల్ట్ ఓవెన్ అంత జోరు దానికి లేదు, అయినా డబ్బా చిన్నది, ఫ్యాన్ దగ్గర, కింద జల్లెడ ఉంది కాబట్టి పెద్ద ఓవెన్ కంటే నయం. 1500 వాట్ల మిషన్ ఇరవై నిమిషాలు ఆగకుండా తిరిగినా అర యూనిట్ కరెంటే. నేను దానికి వ్యతిరేకం కాదు. పల్లీలు అందులో బ్రహ్మాండంగా వేగుతాయి, మా చుట్టాలు అచ్చంపేట నుంచి పంపే పల్లీలు ఒక్క వరసగా పోసి మధ్యలో రెండుసార్లు ఊపితే చాలు. ఆలుగడ్డ ముక్కలు, నిన్నటి పఫ్‌లు, చికెన్ లెగ్ ముక్కలు బాగా వస్తాయి. చూడండి, ఇవన్నీ ఒంట్లో నూనె, కొవ్వు ఉన్నవి, లేదా పైన కాస్త నూనె రాసి పెట్టేవి.

సకినం ఆ జాతి కాదు. మూకుడులో నూనెలో పడగానే సకినం చుట్టూ బుడగలు లేస్తాయే, అది లోపలి నీళ్లు ఆవిరై దూసుకురావడం. నూనె ప్రతి సందులోకి దూరి అన్ని వైపుల నుంచీ ఒకేసారి కాలుస్తుంది, లీటరు నూనె పట్టి ఉంచే వేడి లీటరు వేడిగాలి కంటే రెండు వేల రెట్లకు పైనే. ఆవిరి బయటికి వచ్చిన దారులన్నీ సన్నని రంధ్రాలుగా మిగులుతాయి, జాలి గంటెతో తీసి పక్కన పెట్టాక అది చల్లారేటప్పుడు లోపలి ఆవిరి కుంచించుకుపోయి పైనున్న నూనెను ఆ రంధ్రాల్లోకి లాక్కుంటుంది. సకినం పళ్ల కింద కరకరమని పొడిపొడిగా విరిగేది ఆ రంధ్రాల వల్ల, ఆ నూనె వల్ల. ఉత్త గాలిలో పెడితే బియ్యప్పిండి మెల్లగా ఎండి బిగుసుకుంటుంది, మధ్యలో గుల్ల ఉండదు. మా ఇంట్లో జరిగింది అదే. దానికి మీరు ఎన్ని డిగ్రీలు రాసినా లాభం లేదు. చుక్క నూనె లేకుండా అదే రుచి అని రాసినవాళ్లు చేసి తిని రాశారా అని నాకు అనుమానం, కోప్పడకండి.

మా ఇంటామె తప్పు కూడా ఒకటుంది, ఆమె ఈ ఉత్తరం చదవదని ధైర్యంగా రాస్తున్నాను. బుట్ట నిండా పేర్చింది. గాలి కూడా కాలువ నీళ్ల లాంటిదే, అడ్డం లేని దారి చూసుకుని పోతుంది. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతును అడగండి, పైన ఎన్ని నీళ్లు వదిలారన్నది పేపర్లో వస్తుంది, తన మడికి ఎన్ని చేరాయన్నది ఆయనకే తెలుసు. బుట్ట అడుగున ఉన్న సకినం ఆ చివరి మడి. ఒక్క వరస పరిచి, ముక్కకూ ముక్కకూ నడుమ వేలు పట్టేంత సందు ఇవ్వాలని మీ పేజీలో ఒక్క లైను ఉంటే చాలామంది పిండి దక్కేది.

మందం సంగతి కూడా ఎవరూ రాయరు. గాలి చేతిలో ఉన్నది ముఖం వరకే, అక్కడి నుంచి లోపలికి వేడి నడవాల్సింది పిండి గుండా, అది పిండి ఇష్టం. మందం రెట్టింపైతే సమయం రెట్టింపు సరిపోదు, సుమారు నాలుగింతలు కావాలి. గాలి జోరు పెంచితే లోపల తొందరగా ఉడకదు, పైన తొందరగా మాడుతుంది, అందుకే ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో మామూలు లెక్కకు 20 డిగ్రీలు తగ్గించి పెట్టమంటారు. మన గారెకు నడుమ చిల్లు ఎందుకు పెట్టారనుకుంటున్నారు? చిల్లు లేకపోతే నడుమనున్న పిండి దగ్గరికి వేడి చేరేలోపు అంచులు నల్లబడతాయి. ఏ పాలిటెక్నిక్ చదవని వాళ్లు కనిపెట్టిన చిల్లు అది.

నూనె లేని వంట ఆరోగ్యానికి మంచిదని మీరు రాసిన పేరా మీద రెండు ముక్కలు. నూనె తగ్గడం మంచిదే, కాదనను. అసలు ప్రమాదం మళ్లీమళ్లీ కాచిన నల్ల నూనెతో. 2018 జులై నుంచి మన ఆహార భద్రతా సంస్థ రూలు ప్రకారం కాచిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే నూనె చెడేకొద్దీ పెరిగేవి, 25 శాతం దాటితే వాడకూడదు, బజ్జీల బండి దగ్గర ఎవరు కొలుస్తున్నారో దేవుడికే తెలియాలి, మీ రిపోర్టర్‌ను పంపించండి. అయితే గాలిలో చేస్తే ఏ హానీ లేదనుకోవడం కూడా తప్పే. ఆలుగడ్డ లాంటివి 120 డిగ్రీలు దాటి ఎర్రగా మాడితే అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ వాళ్లు బయటపెట్టారు. నూనెలో మాడినా గాలిలో మాడినా అది పుడుతుంది. బంగారు రంగు దగ్గర ఆపేయడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

నేను అడిగేది పెద్దదేం కాదు. గాలితో కాల్చే ఏ వంట వేసినా డిగ్రీలు, నిమిషాల పక్కన నాలుగు మాటలు చేర్చండి, ముక్క మందం ఎంత, ఒక్క వరసా రెండు వరసలా, ఫ్యాన్ ఉన్న ఓవెనా లేనిదా, పైన నూనె రాశారా లేదా. వీలైతే కొత్తగా ఓవెన్ కొన్నవాళ్లకు నా బ్రెడ్ ముక్కల పద్ధతి కూడా చెప్పండి, ఇంటి ఓవెన్ ట్రే మీద ఆరు ముక్కలు పరిచి 180లో పది నిమిషాలు పెట్టి చూస్తే ఏ మూల మాడుతుందో ఏ మూల తెల్లగా ఉంటుందో తెలిసిపోతుంది, ఖర్చు సగం బ్రెడ్ ప్యాకెట్. నా పన్నెండు ముక్కల్లో రెండు ఇంకా దాచిపెట్టాను, రాయిలా గట్టిపడ్డాయి, మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి, ఫోటో కావాలంటే షాపుకు మనిషిని పంపండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఖాళీగానే ఉంటాను. మా అమ్మ కోసం మొన్న మళ్లీ పావు కిలో పిండితో సకినాలు చేశాం, పల్లీ నూనెలో, ఆమె వాటిని చాయ్‌లో నానబెట్టుకుని తింటోంది.

ఇట్లు,
బేకరీ నడిపే ఒక పాఠకుడు,
నల్లగొండ.